మనవాళ్ళ పైపు

ఆ వీధిలో అల్లుడంటే ఒక్కడే. పెళ్ళిళ్ళు చాలా ఇళ్ళలో అయ్యాయి, అల్లుళ్ళు చాలామందే వచ్చిపోతుంటారు. కానీ వాళ్ళంతా తమ తమ అత్తవారింటికి మాత్రమే అల్లుళ్ళు. ఇతను మొత్తం వీధికే అల్లుడు. చిన్న ఇంజన్లు బాగుచేసే మేస్త్రీకి ఉన్న ఒక్కగానొక్క కూతుర్ని చేసుకుని, ఒక పెట్టె, ఒక స్పానర్ల సెట్టు పట్టుకుని పదకొండేళ్ళ కిందట ఇక్కడికి వచ్చాడు. వచ్చిన రోజు మేస్త్రీ షాపు గుమ్మంలో నిలబడి "మా అల్లుడుగారు" అని నలుగురికీ చూపించాడు. అంతే, ఆ మాట అతుక్కుపోయింది. టీ కొట్టాయనకీ అల్లుడే, పాలవాడికీ అల్లుడే. కన్నవాళ్ళు పెట్టిన పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

దాంతో అతనికి పేచీ లేదు. పేచీ ఆ చివర ఉన్న "గారు"తో.

మేస్త్రీ లోకాన్ని రెండుగా చీల్చి పెట్టుకున్నాడు. ఒకవైపు మనవాళ్ళు, రెండోవైపు జనం. మనవాళ్ళని "ఒరేయ్" అంటాడు, నోటికొచ్చినట్టు తిడతాడు, వాళ్ళ టీ లాక్కుని తాగుతాడు. జనాన్ని "అండీ" అంటాడు, కుర్చీ వేస్తాడు, పని చేసి పంపేస్తాడు. మనవాళ్ళలో చేరాలంటే చుట్టరికమే ఉండాలని లేదు. చిన్నప్పుడు కలిసి చెట్లెక్కిన తోటమాలి మనవాడే. పెదనాన్న కొడుకు మనవాడే. ఎప్పుడో వర్షంలో గొడుగు పట్టిన గడియారాలాయన కూడా మనవాడే. ఒకే కంచంలో తింటూ, ఒకే కప్పు కింద పడుకుంటూ, పదకొండేళ్ళుగా పక్కనే కూర్చుని పిస్టన్లు తోముతున్న అల్లుడు మాత్రం "అండీ". "అల్లుడుగారూ, ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి." అంత మర్యాద విన్నప్పుడల్లా అతనికి తనింకా గుమ్మం దగ్గరే పెట్టె పట్టుకుని నిలబడ్డట్టు ఉండేది.

ఈ విభజన మాటలతో ఆగితే ఎవరికీ నష్టం లేకపోయేది. అది పైపుల దాకా వెళ్ళింది.

గడ్డి కోసే మెషినో, నీళ్ళ పంపో, చిన్న జనరేటరో, దేనికైనా ట్యాంకులోంచి కార్బురేటరుకి పెట్రోలు తీసుకెళ్ళే జానెడు పైపు ఒకటి ఉంటుంది. ఇంజన్ మొత్తంలో అంత చవకైన వస్తువు ఇంకోటి లేదు, అంతగా ప్రాణం తీసేదీ ఇంకోటి లేదు. అది గట్టిపడితే పగులుతుంది. పగిలితే గాలి పీల్చుకుని ఇంజన్ దగ్గుతుంది, లేదంటే వేడి సైలెన్సరు మీద పెట్రోలు చుక్క పడేస్తుంది. అందుకని ఎవరైనా ఆ పైపు మార్చమని వస్తే, లోపలి కొలత ఎంతో చూసి, ఏ రకమో చూసి వెయ్యాలి. మేస్త్రీ అవేం చూడడు. మెషిను వైపు కాక, తెచ్చిన మనిషి వైపు చూస్తాడు. జనమైతే, "అల్లుడుగారూ, బజారు పైపు ఏదో వేసి పంపించండి" అంటాడు. మనవాడైతే మొలతాడుకి కట్టిన తాళంచెవి తీసి ఇనప అల్మరా తెరుస్తాడు.

అల్మరాలో పాత శాలువాలో చుట్టిన నల్లటి రబ్బరు పైపు చుట్ట ఉంటుంది. దాన్ని తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడే రోజున, ఇరవై రెండేళ్ళ కిందట, మేస్త్రీ స్వయంగా వెళ్ళి చివరి రెండు చుట్టలు తెచ్చుకున్నాడు. మొదటి చుట్ట నిజంగానే అద్భుతం. దాని ముక్క వేసిన పంపు ఒకటి తొమ్మిదేళ్ళు ఆగకుండా నడిచింది, మేస్త్రీకి పేరొచ్చిందే దానివల్ల. రెండో చుట్టని ఆయన ప్రాణంలా దాచాడు. ఎంత దాచాడంటే, రబ్బరుకి కూడా వయసు వస్తుందని మర్చిపోయేటంత దాచాడు. ఈలోగా పెట్రోలు కూడా మారిపోయింది. ఇప్పుడు దాంట్లో ఆల్కహాలు కలుపుతున్నారు, పాత రబ్బరు దానికి ఆగదు. తాగి ఉబ్బుతుంది, లోపల పొరలు పొరలుగా ఊడుతుంది.

అంటే ఏమైందయ్యా అంటే, మేస్త్రీ ఎవర్ని ఎంత ప్రేమిస్తే వాళ్ళ మెషిను అంత తరచుగా ఆగిపోయేది. తోటమాలి మూడు వారాలకోసారి వచ్చేవాడు. పెదనాన్న కొడుకు పంపు ఎండాకాలం మొత్తం షాపులోనే కాపురం ఉండేది. అదే, ఎప్పుడో మాట పట్టింపు వచ్చి జనంలోకి తోసేసిన ప్రింటింగ్ ప్రెస్సాయన జనరేటరు మాత్రం ఒక్కసారి పైపు మారిస్తే మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

"చూశారా పొగరు? మూడేళ్ళయింది, మొహం చూపించలేదు. మనవాళ్ళయితేనా, నెల తిరక్కుండా వస్తారు. అదండీ ఆప్యాయతంటే!" అనేవాడు మేస్త్రీ.

ఆప్యాయత సంగతి పక్కన పెడితే, ఆ ప్రెస్సు జనరేటరులో ఉన్నది అల్లుడు ఏరి తెచ్చిన పైపు. "బజారు పైపు ఏదో" అని మామగారు చేత్తో తోసేసిన పనిని అతను ఏదో చేసెయ్యలేదు. విడిభాగాల కొట్టుకి వెళ్తే అక్కడివాడు పైపులు రంగుని బట్టి అమ్ముతాడు. "పసుపుదివ్వనా? నీలం కొత్తగా వచ్చింది, అందంగా ఉంటుంది." ఎక్కువమందికి అద్దంలాంటి పైపు ఇష్టం. పెట్రోలు పోతూ కనిపిస్తే మనసుకి నిమ్మళం. అల్లుడు నాలుగు రకాల ముక్కలు కొని, నాలుగు గాజు సీసాల్లో పెట్రోలు పోసి అందులో వేసి, గట్టిగా మూతలు బిగించి, పెరట్లో పొయ్యికీ పొగకీ దూరంగా గోడ గూట్లో పెట్టాడు. ఐదో సీసాలో, తోటమాలి మెషిన్లోంచి తీసిన పాత ముక్క, అంటే అల్మరా పైపు, వేశాడు. మూడు నెలలు చూశాడు. అద్దంలాంటిది నెలకే పుల్లలా బిరుసెక్కింది. పసుపుది కుంచించుకుపోయింది. నీలం తన అందమంతా పెట్రోలుకిచ్చేసి తెల్లబోయింది. అల్మరా ముక్క ఉబ్బి, పట్టుకుంటే వేలికి మసి అంటింది. నాలుగోది పైన నల్ల రబ్బరు, లోపల నున్నటి లేత రంగు పొర ఉన్న రెండు పొరల పైపు. అది వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కొలత మారలేదు, వంచితే గీత పడలేదు.

సీసాలు భార్య కంట పడ్డాయి. ఆమె తండ్రి కూతురే, పైపు వాసన చూసి రకం చెప్పగలదు. ఐదో సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూసింది.

"ఇది నాన్న పైపు కదూ?"

"ఊఁ."

"మరి ఆయనకి చూపించవా?"

"నువ్వు చూపించు."

"నేనా? ఆ చుట్టకి శాలువా కప్పిన మనిషి. నా పెళ్ళిలో నాకే కప్పలేదు శాలువా." సీసా తిరిగి గూట్లో పెట్టేసింది. "వద్దులే. ఆయన మనసు విరిగిపోతుంది."

మనవాళ్ళు మాత్రం ఎందుకు నోరెత్తలేదంటే, పైపు బాగా లేదంటే రేపట్నుంచి కుర్చీ వేసి "అండీ" అంటాడేమోనని భయం. మెషిను ఆగినా ఫరవాలేదు గానీ ఆ అవమానం ఎవరు పడతారు? పెదనాన్న కొడుకైతే తన పంపుని ముక్కూమొహం తెలియని పక్కింటాయన చేత పంపించి, జనం ఖాతాలో మంచి పైపు వేయించుకున్నాడు. చివరికి తోటమాలే ఒకరోజు, మేస్త్రీ భోజనానికి లోపలికెళ్ళగానే, అల్లుడి చెవి దగ్గరికి వంగాడు.

"అల్లుడుగారూ, నన్ను మనవాడిగానే ఉంచండి. పైపు మాత్రం జనానిది వెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

అలా మొదలైంది కుట్ర. మేస్త్రీకి మోకాళ్ళు వంగవు, దగ్గరి చూపు తగ్గింది. ఆయన అల్మరా తెరిచి, శాలువా విప్పి, జానెడు ముక్క కోసి, కన్నబిడ్డని బడికి పంపిస్తున్నంత జాగ్రత్తగా అల్లుడి చేతికిస్తాడు. అల్లుడు మెషిను వెనక్కి వంగి, ఆ ముక్కని జేబులో వేసుకుని, రెండు పొరల పైపు బిగించి, దానిమీది తెల్ల అక్షరాలు పెట్రోలు గుడ్డతో తుడిచేస్తాడు. రెండూ నలుపే, ఎవరు కనిపెడతారు? జేబులో ముక్కలు సాయంత్రం భార్యకిస్తే, ఆమె వాటితో పెరట్లో చిక్కుడు పందిరి కర్రలు కట్టేది. కట్టడానికి అవి బ్రహ్మాండంగా పనికొచ్చాయి. మేస్త్రీ రోజూ పొద్దున పళ్ళు తోముకుంటూ "పందిరి భలే గట్టిగా ఉందే" అని మెచ్చుకునేవాడు కూడా.

అయితే కుట్రకి ఒక చిక్కు వచ్చిపడింది. మెషిన్లు పాడవడం మానేశాయి, మనవాళ్ళు రావడం మానేశారు. రెండు నెలలు తిరిగేసరికి మేస్త్రీ దిగాలు పడిపోయాడు. గుమ్మం వైపు చూస్తూ, "అందరూ పెద్దవాళ్ళయిపోయారండీ, ఎవరికీ ఎవరూ అక్కర్లేదు" అని ఒకటే నిట్టూర్పులు. అల్లుడు భరించలేకపోయాడు. సైకిలేసుకుని ఇంటింటికీ వెళ్ళి, ఎవరెప్పుడు రావాలో చెప్పి వచ్చాడు. అప్పట్నుంచి మొదటి వారం తోటమాలి, రెండో వారం పెదనాన్న కొడుకు, మూడో వారం గడియారాలాయన, నిక్షేపంలాంటి మెషిన్లు మోసుకొచ్చి "కాస్త దగ్గుతోందిరా" అనడం మొదలుపెట్టారు. మేస్త్రీ వాళ్ళని కడుపారా తిట్టి, లక్షణంగా ఉన్న మెషిన్ని విప్పి, బిగించి, పంపించేవాడు. మూడేళ్ళు ఇలా నడిచింది. అబద్ధాన్ని ఇంత క్రమశిక్షణతో నడిపిన ఆఫీసు ఆ చుట్టుపక్కల ఇంకోటి ఉండి ఉండదు.

ఈ మూడేళ్ళలోనే అల్లుడు తన సొంత మెషిను ఒకటి తయారుచేసుకున్నాడు. పనికిరాని పదకొండు మెషిన్ల భాగాలు ఏరి, కలిపి, గడ్డి కోసే యంత్రం ఒకటి నిలబెట్టాడు. అది మామగారి షాపులో పుట్టినా, అతని చేతుల్లో పుట్టింది. ఆటల మైదానం మేనేజరు దాన్ని చూసి ముచ్చటపడి ఒక మాటన్నాడు. సోమవారం పొద్దున మైదానంలో గంటసేపు ఆగకుండా నడిపి చూపిస్తే, అక్కడి మెషిన్లన్నిటి బాగోగులూ అతని పేరు మీదే అప్పగిస్తానన్నాడు. అతని పేరు మీద! అల్లుడు ఇంటికొచ్చి బ్యాంకు పుస్తకం తీసి ఆ పేరు ఒకసారి చదువుకున్నాడు.

సోమవారం తెల్లారింది. అతను షాపులో మెషిను ముందు కూర్చుని, రెండు పొరల పైపు ముక్క కొలిచి, కత్తి పెట్టబోతున్నాడు. వెనక తాళం చప్పుడైంది.

మేస్త్రీ అల్మరా తెరిచాడు. శాలువా విప్పాడు. ఎప్పుడూ కోసేదానికంటే రెండంగుళాలు ఎక్కువ కోశాడు. వచ్చి అల్లుడి ముందు నిలబడి, రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు.

"ఇది వెయ్యండి. బజారువి మీ మెషినుకి వద్దు. ఇది మనవాళ్ళకి వేసేది."

అల్లుడు ఆ ముక్క అందుకున్నాడు. పదకొండేళ్ళుగా ఎదురుచూసింది అదే. బొటనవేలి చుట్టూ వంచి చూస్తే సన్నటి గీతలు కనిపించాయి. గుమ్మంలో భార్య నిలబడి ఉంది, వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పింది. జేబుంది, అలవాటైన చెయ్యుంది, పక్కనే మంచి పైపుంది. మామగారు అటు తిరిగి శాలువా చుడుతున్నారు. మార్చడం క్షణం పని. మూడేళ్ళలో ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు.

మార్చలేకపోయాడు. ముక్కంతా తడిమి, గీతలు తక్కువున్న వైపు చూసి కోసి, వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి, రెండు చివరలా క్లిప్పులు పెట్టి బిగించాడు. ఒక్క గంటే కదా, ఆగుతుందిలే అనుకున్నాడు. ఐదో సీసాలో మసి చూసినవాడు, పైపుల సంగతి ఆ చుట్టుపక్కల అందరికంటే తెలిసినవాడు, అలా అనుకున్నాడు.

మైదానంలో మేనేజరు గడియారం చూసి చెయ్యి ఊపాడు. మెషిను ఒక్క లాగుకి అందుకుంది. మేస్త్రీ అంచున కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన ఆ మైదానంలోనే పనిచేసే తోటమాలి, తన మెషిను గట్టు మీద పెట్టుకుని నిలబడ్డాడు. అల్లుడి ఒక చెయ్యి హ్యాండిలు మీద, రెండో చెయ్యి పెట్రోలు ఆపే కాక్ దగ్గర. ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. ముప్పై దాటాక ఇంజన్ గొంతు మారింది. ఒకసారి అరిచి, ఒకసారి సణిగి, ముప్పై ఎనిమిదో నిమిషానికి పెట్రోలు వాసన గుప్పుమంది. అల్లుడు చటుక్కున కాక్ కట్టేశాడు. మెషిను ఆగిపోయింది.

మేనేజరు పెదవి విరిచాడు. "పైపు కారుతున్నట్టుందే!"

మేస్త్రీ లేచాడు. "పైపా? నా పైపు కారడమా? అల్లుడుగారు క్లిప్పు సరిగ్గా బిగించి ఉండరండీ! అదే పైపు ఈ తోటమాలిగాడి మెషినుకి వేశాను, ఇక్కడే మీ కళ్ళ ముందే నడుస్తోంది. కావాలంటే చూడండి!"

"ఒరేయ్, ఇప్పుడెందుకురా, వదిలెయ్" అంటూ తోటమాలి మెషినుకి అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకోరా!" మేస్త్రీ మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి గట్టు మీద కూలబడి, తోటమాలి మెషిన్లోంచి పైపు పీకి, లోపలి మెరుపు మేనేజరుకి చూపిద్దామని చివర పైకెత్తాడు. అద్దాలు సర్దుకుని తనూ చూశాడు. నల్ల రబ్బరు లోపల లేత రంగు పొర ఉంది. తుడవగా మిగిలిన తెల్ల అక్షరం ఒకటి పక్కన మెరుస్తోంది.

తోటమాలి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మేస్త్రీ ఆ పైపుని వంచాడు, గోటితో గీరాడు, వాసన చూశాడు. తర్వాత అల్లుడి మెషిను దగ్గరికి వెళ్ళి తను ఇచ్చిన పైపు ఊడదీశాడు. అది చేతిలోనే రెండుగా విరిగింది. ఆయన వేళ్ళకి మసి అంటుకుంది.

"అల్లుడుగారూ, తోటమాలి పైపు మీ మెషినుకి బిగించండి" అన్నాడు. మేనేజరు వైపు తిరిగి, "బాబూ, తప్పు నాది. ఆయనకి ఇంకో గంట ఇప్పించండి" అని చేతులు జోడించాడు.

జనానికి తప్ప ఇంకెవరికీ చేతులు జోడించని మనిషి. జనానికి కూడా తప్పు ఒప్పుకుని జోడించగా ఎవరూ చూడలేదు. మేనేజరు కరిగాడో, ఎండకి విసిగాడో, సరేనన్నాడు. మెషిను గంట నడిచింది, దాని మీద ఇంకో పది నిమిషాలు నడిచింది. మేనేజరు కాగితం మీద అల్లుడి పేరు రాసుకున్నాడు. ఆ ముచ్చట అల్లుడికి సగమే దక్కింది. అతను మామగారి వైపే చూస్తున్నాడు.

మేస్త్రీ ఇంటికొచ్చి, షాపులో ఆగకుండా నేరుగా పెరట్లోకి నడిచాడు. విరిగిన ముక్క చేతిలోనే ఉంది. చేతులు కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్ళినవాడు, పందిరి ముందు ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ దూరం నుంచి మెచ్చుకున్న పందిరిని మొదటిసారి దగ్గరికి వెళ్ళి చూశాడు. ప్రతి కర్రకీ, ప్రతి ముడికీ తన పైపే. జానెడు జానెడు ముక్కలు, తన చేత్తో కోసినవి. ఒక్కొక్కటీ ముట్టుకుంటూ వెళ్ళాడు.

"అందరివీనా?"

"అందరివీ" అంది కూతురు మెల్లగా. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"మూడేళ్ళుగా వాళ్ళు మోసుకొచ్చిన దగ్గులూ?"

"అవి... ఆయనే పంపించేవారు నాన్నా. నువ్వు దిగులు పడుతున్నావని."

మేస్త్రీ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. చేతిలోని విరిగిన ముక్కని అటూ ఇటూ తిప్పాడు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయిందే, తన అల్మరా నవ్వులాట అయిపోయిందే అని ఆయన సిగ్గుపడతాడని అల్లుడు భయపడ్డాడు. ఆయన అడిగింది వేరే.

"అందరికీ మార్చావు. మరి నీ దానికి ఎందుకు మార్చలేదురా?"

అల్లుడు పందిరి కర్రకున్న ముడి ఒకటి సవరించాడు.

"వెధవా, నిన్నే! తెలిసి తెలిసి ఎందుకు వేశావురా? కాక్ కట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే చెయ్యి కాలిపోయేది కాదూ? పేరు పోయేది కాదూ?"

"మొదటిసారి ఇచ్చారు మామగారూ" అన్నాడు అల్లుడు. "జేబులో వేసుకోబుద్ధి కాలేదు."

మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకుని, తొట్టిలో చేతులు ముంచి మసి కడుక్కోవడం మొదలుపెట్టాడు. అది తొందరగా వదిలే మసి కాదు. రుద్దుతూ రుద్దుతూనే మొలతాడు దగ్గర తడిమి, తాళంచెవి విప్పి, వెనక్కి చూడకుండా చెయ్యి చాపాడు.

"ఆ చుట్ట తెచ్చి మీ ఆవిడకియ్యి, పందిరి ఇంకో వైపు కూడా వేసుకుంటుంది. నీ పైపు చుట్ట అల్మరాలో పెట్టు. పెట్టి తాళం మాత్రం వెయ్యకు, అదీ ముసలిదైపోతుంది. ముందు ఆ తోటమాలిగాడికి ఒక ముక్క కోసి తీసుకెళ్ళు, పాపం వాడి మెషిను పైపు లేకుండా పడి ఉంది."

"అలాగే" అని అల్లుడు కదిలాడు.

"ఒరేయ్" అన్నాడు మేస్త్రీ వెనకనుంచి. "లోపలి కొలత చూసి కొయ్యి."